రెండున్నర నంబరు గొట్టం

ఆస్పత్రి స్టోర్సు, నేలమాళిగ
జూన్ 4

పూజ్యులైన మేనత్త గారి పాదపద్మాలకు,

ముందుగా క్షమాపణలు. విదేశాల నుంచి వచ్చే వైద్య సామగ్రి మీద ఆగస్టు ఒకటి నుంచి సుంకం పెరగబోతున్నందుకు క్షమించు. ఎంత పెరుగుతుందో చెప్పాల్సినవాళ్లకే ఇంకా తెలియనందుకు క్షమించు. సముద్రాలు ఇంత వెడల్పుగా ఉన్నందుకు, ఓడలు అంత తీరిగ్గా నడుస్తున్నందుకు, మనుషులు జబ్బుపడే అలవాటు ఇప్పటికీ మానుకోనందుకు, ఇన్ని ఘోరాలు జరుగుతుంటే ఆపలేక నేను కుర్చీలో కూర్చుని కాళ్లూపుతున్నందుకు, మీ అన్నగారి ఏకైక పుత్రుడిగా, డిగ్రీ పట్టా పుచ్చుకున్నవాడిగా, తల వంచి వేడుకుంటున్నాను. ఇందులో ఏ ఒక్కటీ నేను చేసింది కాదు. అందుకే ఇంత ధారాళంగా వేడుకోగలుగుతున్నాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. వార్డులో ఉన్నంతసేపూ నీ ఫోను బీరువాలో ఉంటుంది, ఇంటికొచ్చాక నువ్వు నిద్రలో ఉంటావు. పైగా "నీ మాటలు వింటే నవ్వొస్తుంది, కాయితం మీదైతే అబద్ధాలు కనపడతాయి, రాయి" అని ఆజ్ఞాపించింది నువ్వే.

ఇక సంగతికొస్తాను. సుంకం పెరిగేలోగా ఆస్పత్రిని సిద్ధం చెయ్యాలని మా సూపరింటెండెంటు గారు పదకొండు మందితో కమిటీ వేశారు. పన్నెండోవాణ్ని నేను, మినిట్స్ రాయడానికి. మొదటి సమావేశంలో కమిటీకి ఏం పేరు పెట్టాలా అని గంటన్నర చర్చించి "సుంక సన్నద్ధతా సంఘం" అని తేల్చారు. మిగిలిన పది నిమిషాల్లో మా స్టోర్సు ఆఫీసరు అసలు పని ముగించేశారు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు ముద్రగారు. కాయితం మీద ఖాళీ జాగా కనపడితే స్టాంపు గుద్దకుండా ఉండలేరు.

"ఖరీదైన వంద వస్తువుల జాబితా తియ్యండి. సుంకం పెరగకముందే కొని పడేద్దాం" అన్నారు.

"చవక వస్తువుల సంగతో సార్?" అన్నాను.

"వాటికేముందయ్యా, ఎప్పుడైనా దొరుకుతాయి. నువ్వు మినిట్స్ రాసుకో."

రాసుకున్నాను. జాబితాలో ప్రతి వస్తువు పక్కనా "తయారైన దేశం" అని ఒక గడి ఉంది. అమ్మే కంపెనీల ఆఫీసులన్నీ ఇక్కడే ఉన్నాయిగా అని, కింది దాకా "స్వదేశం, స్వదేశం" అని నింపేశాను. ఒక్క మధ్యాహ్నంలో ఒక ఆస్పత్రిని తన కాళ్ల మీద తాను నిలబడేలా చేసినవాణ్ని చరిత్రలో నేనొక్కణ్నే అయి ఉంటాను.

మీ చిన్న ఆస్పత్రిలో ఏం చేస్తున్నారు? ఇరవయ్యారేళ్లుగా పసిబిడ్డల వార్డు నడుపుతున్నదానివి, ఒక ముక్క చెప్పు. సెప్టెంబరులో నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేదీ లేనిదీ ఈ కమిటీ చేతిలోనే ఉంది.

ఇట్లు,
నేలమాళిగ చక్రవర్తి,
నీ మేనల్లుడు


పసిబిడ్డల వార్డు, నర్సుల గది
జూన్ 11

ఒరేయ్ చక్రవర్తీ,

పాదపద్మాలు వాచి ఉన్నాయి. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను. సూటిగా రాస్తాను.

"స్వదేశం" అని నింపిన కాయితం చింపెయ్. అమ్మేవాడి గుమ్మం ఎక్కడుందని కాదు, సరుకు ఎక్కడ తయారైందని అడిగారు. పెట్టె తిరగేస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదువుకున్నవాడివి, కాస్త వంగి చదువు.

ఖరీదు వరుస కూడా చింపెయ్. నేను పెట్టుకున్న వరుస వేరు. ఒక వస్తువు చేతికి అందకపోతే ఎంతసేపు ఆగగలం? అదే నా లెక్క. స్కానింగ్ మిషను ఆగిపోతే రెండు రోజులు ఆగుతాం, లేదంటే పక్క ఊరికి పంపుతాం. బిడ్డకి ఊపిరి గొట్టం లేకపోతే మూడు నిమిషాలు ఆగలేం. ఆ గొట్టం ఖరీదు నీ చెప్పులకన్నా తక్కువ. మీ వంద వస్తువుల్లో దానికి చోటుండదు.

కిలో లోపు పుట్టిన బిడ్డకి రెండున్నర నంబరు గొట్టమే పడుతుంది. మూడో నంబరు పట్టదు, బలవంతం చేస్తే గొంతు లోపల గీరుకుపోతుంది. మా సప్లయరు తెప్పించేది రెండు కంపెనీల నుంచి, రెండూ సముద్రానికి అవతలే.

సుంకం పెరిగితే ఆ తేడా ఎవరు భరించాలో కంపెనీతో ఒప్పందంలో ఇప్పుడే రాయించు. రెండో కంపెనీ గొట్టాలు నాలుగైనా ఇప్పుడే తెప్పించి డాక్టరు చేత వాడించి చూడండి. అవసరం నెత్తి మీదికొచ్చిన రోజున కొత్త రకం చేతికిస్తే ఎంత డాక్టరైనా తడబడతాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది, భయపడి ఊడ్చుకుపోకండి. సప్లయరు దగ్గరున్న సరుకు మీ ఒక్కరిదే కాదు. ఆరు నెలలకి తీసుకోండి, చాలు.

ఇవన్నీ మా ఆఫీసుకీ చెప్పాను. "చూద్దాం సిస్టర్" అన్నారు. చూస్తున్నారు.

అన్నయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? మెట్లెక్కద్దని చెప్పు. నా మాట వినడు, నీ మాట అసలే వినడు, అయినా చెప్పు.

అత్తయ్య


ఆస్పత్రి స్టోర్సు, నేలమాళిగ, ప్రస్తుతం మెట్ల కింద కూడా
జూలై 2

విజయప్రదాతయైన అత్తయ్యకు,

దిగ్విజయ యాత్ర విశేషాలు విన్నవించుకుంటున్నాను.

ముందు పెట్టెలు తిరగేశాను. మూడువందల నలభై రకాలు. నడుము పట్టేసింది. నిజంగా స్వదేశంలో తయారైనవి పదకొండు తేలాయి. అందులో నాలుగు బ్యాండేజీ చుట్టలు, ఒకటి గోడ గడియారం. అది వైద్య సామగ్రిలోకి ఎలా వచ్చిందో ముద్రగారికే తెలియాలి.

తరవాత నీ నిమిషాల వరుస కమిటీ ముందు పెట్టాను. సూపరింటెండెంటు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"ఇది ఎవరి ఆలోచనయ్యా?"

"మా వంశంలో ఎప్పటి నుంచో ఉన్నదేనండి" అన్నాను, ఎంతో అణకువగా.

ఆర్డరు రాసే పని నాకే అప్పగించారు. ఖరీదైనవాటిని పదకొండు మందీ భూతద్దం పెట్టి చదివారు. చవకవాటిని ఎవరూ ముట్టుకోలేదు. ముద్రగారు మాత్రం అన్నిటి మీదా సమానంగా గుద్దారు, ఆయనకు పేదా గొప్పా తేడా లేదు.

మూడు రోజుల కిందట లారీ వచ్చింది. రెండున్నర నంబరు గొట్టాలు వచ్చాయి అత్తయ్యా. వచ్చాయంటే మామూలుగా రాలేదు. స్టోర్సు నిండింది. మెట్ల కింద నిండింది. డాక్టర్లకు క్లాసులు చెప్పే హాల్లో వేదిక వెనక కూడా సర్దాం. సూపరింటెండెంటు గారు స్వయంగా కిందికి దిగొచ్చారు. పెట్టెల వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు.

"ముందుచూపు అంటే ఇదీ!" అన్నారాయన.

నేనేదో చెప్పబోయాను. ఆయన భుజం తట్టారు. భుజం తడితే నోరు మూసుకుపోయే నరం ఒకటి మనిషి ఒంట్లో ఉంటుందని నువ్వెప్పుడూ చెప్పలేదు.

వచ్చేవారం నాకు షీల్డు ఇస్తారట. "ముందుచూపు" అని చెక్కించమని ఆర్డరిచ్చారు. ముందుచూపుతో తెచ్చుకున్న నిల్వల్లోంచి ఆరు నెలల దాకా ఎవరికీ ఏదీ ఇవ్వకూడదని తీర్మానం కూడా చేశారు. నేనే రాశాను, మంచి చేతిరాతతో.

నాన్న మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు. నీ మాట చెప్పాను. "దాన్ని ముందు కూర్చోమను" అన్నాడు.

ఇట్లు,
షీల్డు మోయనున్న
నీ మేనల్లుడు


పసిబిడ్డల వార్డు, నర్సుల గది
జూలై 24

ఒరేయ్,

షీల్డు జాగ్రత్త, కాలి మీద వేసుకునేవు.

ఇక్కడ సంగతి బాగాలేదు. సప్లయరు దగ్గర రెండున్నర నంబరు అయిపోయింది. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎవరో మహానుభావుడు ఒకే ఆర్డరులో ఊడ్చుకుపోయాడట. ఎవరని అడిగితే ఆ కంపెనీ కుర్రాడు నీళ్లు నములుతున్నాడు. రెండో కంపెనీ సరుకు రేవులో దిగి ఉంది కానీ బయటికి రావడం లేదు. పెరిగే సుంకం మీరు కడతారా మేం కట్టాలా అని వాళ్లూ మా ఆఫీసూ ఉత్తరాలు రాసుకుంటున్నారు. ఒప్పందంలో ఆ మాట లేదు. రాయించమని నేను మొత్తుకున్న మాటే.

నా బీరువాలో పద్నాలుగు గొట్టాలున్నాయి.

మా క్యాంటీన్ వంటావిడ గుర్తుందిగా. నువ్వు వచ్చినప్పుడు మూడోసారి ప్లేటు చాపితే "బాబూ, ఇది కడుపా, గోదామా?" అందే, ఆవిడ. పెళ్లయిన పదకొండేళ్లకి కడుపు పండింది. కవలలు. ఇరవయ్యారో వారం. బీపీ పెరిగి పైన వార్డులో మంచం మీద ఉంది. ఇంకో రెండు వారాలు లాక్కొస్తే గొప్పంటున్నారు డాక్టరు గారు. పుట్టేవాళ్లు చెరో కిలో కూడా ఉండరు. ఒక్కో బిడ్డకి గొట్టం నాలుగైదు సార్లు మార్చాల్సి రావచ్చు. పెద్ద ఆస్పత్రికి పంపుదామంటే దారిలోనే కాన్పయ్యేలా ఉంది.

రోజూ కిందికి కబురు పెడుతుంది, "సిస్టర్ తిన్నదా?" అని. మంచం మీద ఉండి కూడా వంట గురించే.

మీరెన్ని తీసుకున్నారు? మీ వాళ్లు కాస్త సర్దగలరేమో అడుగు.

అత్తయ్య


ఆస్పత్రి స్టోర్సు, నేలమాళిగ
ఆగస్టు 3

కరుణామయివైన అత్తయ్యకు,

నీ ఉత్తరం చదివి ఉడికిపోయాను. చదివిన చోటు నుంచే నేరుగా కమిటీ మీద పడ్డాను. బల్ల గుద్దాను. మంచినీళ్ల గ్లాసు ఎగిరిపడింది. "అయ్యలారా! మన మెట్ల కింద గొట్టాలు నిద్రపోతుంటే అక్కడ బిడ్డలకు ఊపిరాడకపోతే ఈ సంఘం ఎందుకు? ఈ సన్నద్ధత ఎందుకు?" అని గర్జించాను. పదకొండు మందీ తలలు దించుకున్నారు. అయితే తీర్మానం తీర్మానమే అన్నారు. ముందుచూపుతో తెచ్చిన నిల్వ ఆరు నెలలు కదలకూడదు. నేను ఇంకా గర్జిస్తూనే ఉన్నాను. గొంతు పోయింది.

అంతటితో ఆగలేదు. పైవాళ్లకు ఒక వినతిపత్రం తయారు చేస్తున్నాను. పన్నెండు పేజీలు వచ్చింది. ఇంకా ముందుమాట అవలేదు.

మేమెన్ని తీసుకున్నామని అడిగావు. నువ్వు చెప్పినట్టే, ఆరు నెలలకి లెక్కగట్టాను. నెలకి వంద చొప్పున ఆరు వందలు. అంతే.

సప్లయరును ఊడ్చుకుపోయిన ఆ మహానుభావుడెవడో నాకూ ఒకసారి చూడాలని ఉంది. దొరికితే నీ దగ్గరికి చెవి పట్టుకుని తీసుకొస్తాను.

వంటావిడను అడిగానని చెప్పు.

ఇట్లు,
గొంతు పోయిన
నీ మేనల్లుడు


పసిబిడ్డల వార్డు, నర్సుల గది
ఆగస్టు 9

ఆరు వందలు అని రాశావు. ఆరు వందల ఏమిట్రా? గొట్టాలా, పెట్టెలా?

నిన్న కంపెనీ కుర్రాడు వచ్చాడు. ఆ పెద్ద ఆర్డరు డెలివరీ చీటీ చూపించమన్నాను.

"అది చూపించకూడదు సిస్టర్."

"చూపించేదాకా ఆ కుర్చీలోంచి లేవనివ్వను."

నవ్వాడు. నేను నవ్వలేదు. చూపించాడు. మీ ఆస్పత్రి పేరు. రెండున్నర నంబరు. సంఖ్య ఆరు వందలు. దాని పక్క యూనిట్ గడిలో, విడి గొట్టాల లెక్కకి ఒకటి అని ఉండాల్సిన చోట, "పెట్టె". పెట్టెకి పది. అంటే ఆరు వేలు. మీకు ఐదేళ్లు వస్తాయి. గడువు మూడేళ్లు. మిగిలిన రెండేళ్ల సరుకు మీ మెట్ల కిందే చెత్తయిపోతుంది. నా దగ్గర ఆరు గొట్టాలున్నాయి. మీవి ఆరు వేలు, మావి ఆరు.

కోపంతో రాయడం లేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది నేనూ ఒక మందు చీటీలో మిల్లీగ్రాముని గ్రాముగా చదివాను. పక్కనున్న డాక్టరు గారు చెయ్యి పట్టుకుని ఆపారు. నీ చెయ్యి పట్టుకునేవాళ్లు అక్కడ లేకపోయారు, ముద్ర గుద్దేవాళ్లే ఉన్నారు. అంతవరకూ నాకు అర్థమవుతుంది.

లారీ వచ్చిన రోజునే చెప్పి ఉంటే అది పొరపాటు. ఇవాళ్టికి నలభై రోజులు. ఇప్పుడు దాన్ని ఏమనాలో చదువుకున్నవాడివి నువ్వే చెప్పు.

వంటావిడకి ఇరవై ఎనిమిది వారాలు నిండాయి. మొన్న నొప్పులు వచ్చి ఆగాయి. మళ్లీ వస్తే ఆగవంటున్నారు. నువ్వు అడిగావని చెప్పాను. నవ్వింది.

తమాషాలు వద్దు. క్షమాపణలు అసలే వద్దు. గొట్టాలు కావాలి.


ఆస్పత్రి, అంబులెన్సు దగ్గర
ఆగస్టు 12

అత్తయ్యా,

ఈ ఉత్తరం అట్టపెట్టె మూతకి అంటించి పంపుతున్నాను. చదవడం ఆపి ముందు లోపలివి లెక్కపెట్టు. పెట్టెలు నలభై, పెట్టెకి పది. గడువు కూడా అడుగున చూసుకో. బీరువాలో పెట్టి తాళం వేసుకుని వచ్చి మిగతాది చదువు.

వచ్చావా?

నేను కమిటీలో గర్జించలేదు. బల్ల గుద్దలేదు, గ్లాసు ఎగరలేదు. గొంతు సవరించుకున్న మాట నిజం. ముద్రగారు "మంచినీళ్లు కావాలా?" అన్నారు. తాగి కూర్చున్నాను. వినతిపత్రం పన్నెండు పేజీలు కాదు. "గౌరవనీయులైన" అన్న చోట ఆగి ఉంది. మహానుభావుడెవడో చూడాలని ఉందని రాసిన రోజు పొద్దున్నే అద్దంలో చూసుకున్నాను. లారీలోంచి అరవై ఒకటో పెట్టె దించుతున్నప్పుడే నాకు తెలిసిపోయింది. తరవాత భుజం తట్టారు, షీల్డు ఇచ్చారు, చప్పట్లు కొట్టారు. రోజురోజుకీ చెప్పడం బరువైపోయింది. నేను రోజురోజుకీ జోకులు ఎక్కువేశాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. మెట్ల కింద, ఆ పెట్టెల మీదే కూర్చుని చదివాను. "నవ్వింది" అన్న మాట దగ్గర లేచాను. పైన కమిటీ నడుస్తోంది. సుంకం పెరిగాక కూడా మన దగ్గర కొరత లేదని సూపరింటెండెంటు గారు నన్ను చూపించి ఎవరో అతిథులకు చెబుతున్నారు.

"సార్, అది ముందుచూపు కాదండి" అన్నాను.

"మరేమిటి?"

"పొరపాటండి. ఒకటి అని రాయాల్సిన గడిలో పెట్టె అని రాశాను."

ముద్రగారు నవ్వేశారు. "ఊరుకోవయ్యా! వీడికి వినయం మరీ ఎక్కువైపోయింది సార్."

"వినయం కాదండి. ఆరు వందల గొట్టాలు కావాలి, ఆరు వందల పెట్టెలు తెప్పించాను. రెండేళ్ల సరుకు గడువు దాటి పోతుంది. పక్క ఊరి ఆస్పత్రిలో ఆరంటే ఆరే ఉన్నాయి, కవలలు పుట్టబోతున్నారు. వాళ్లకు లేకుండా పోయింది నావల్లేనండి."

అతిథులు కిటికీలోంచి బయటికి చూశారు. సూపరింటెండెంటు గారు స్టోర్సు నిబంధనల పుస్తకం తెప్పించి పేజీలు తిప్పారు. ముందుచూపుతో తెచ్చిన నిల్వ అయితే ఆరు నెలలు కదలకూడదు, అది మనం చేసుకున్న తీర్మానం. పొరపాటున వచ్చిన సరుకుకి మాత్రం వేరే నిబంధన ఉంది, ఎప్పటి నుంచో ఉంది. వెంటనే సప్లయరుకి వాపసు చెయ్యాలి, సప్లయరు ఒప్పుకుంటే అవసరమున్న ఆస్పత్రికి నేరుగా పంపొచ్చు. ఒకటే షరతు. పొరపాటు చేసినవాడు అలా చేశానని రాసి సంతకం పెట్టాలి. నలభై రోజులుగా ఆ గొట్టాలకి అడ్డం పడింది సుంకం కాదు, ఓడలు కాదు. వాటికి మేం పెట్టుకున్న "ముందుచూపు" అన్న పేరు.

"రాసిస్తే నీ పర్మనెంటు కాయితం ఏడాది ఆగుతుంది. ఆ తరవాతైనా వస్తుందని నేను మాటివ్వలేను. ఆలోచించుకుని రేపు చెప్పు" అన్నారాయన.

"పెన్నుందా సార్?" అన్నాను.

ఆయనే ఇచ్చారు. ముద్రగారు కాయితం అందుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, ఆ తరవాతే స్టాంపు గుద్దారు. ఆయన ఏదైనా చదవడం నేను చూడటం అదే మొదలు.

మిగతాదంతా మిగతావాళ్లు చేశారు. సప్లయరుకి ఫోను చేసి ఒప్పించింది సూపరింటెండెంటు గారు. నలభై పెట్టెలు ఏరి కట్టింది ముద్రగారు. తెల్లారగానే తెచ్చిస్తానన్నది అంబులెన్సు డ్రైవరు. ఇంకో ఐదు వందల పెట్టెలు ఇవాళ సప్లయరుకి వెళ్లిపోతున్నాయి, మీలాంటి ఆస్పత్రులు ఏడు ఎదురుచూస్తున్నాయట. వాటిని ఎత్తుతున్నది కూలీలు. నేను పక్కన నిలబడి లెక్క చెబుతున్నాను, అది కూడా ముద్రగారు రెండోసారి సరిచూసుకుంటున్నారు.

నలభై రోజుల్లో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. యూనిట్ గడిలో పెట్టె అని రాసింది నేనేనని, తెలిసి కూడా చెప్పలేదని, నా చేత్తో రాసి సంతకం పెట్టాను.